మొహం చూసి మార్కులు

ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనే తతంగాన్ని 1921లో థామస్ ఆల్వా ఎడిసన్ కనిపెట్టాడని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. బల్బుతో పాటు ఇదీ ఆయన ఖాతాలో వేసేశారు. నిజానికి ఎడిసన్ పెట్టింది రాతపరీక్ష. తన దగ్గర చేరడానికి వచ్చిన పట్టభద్రుల చేతికి 140కి పైగా ప్రశ్నలున్న కాగితం ఇచ్చేవాడు. ఫ్రాన్సుకు సరిహద్దు దేశాలేవి? ఓల్గా నది ఎక్కడుంది? లాగరిథమ్స్ కనిపెట్టిందెవరు? గొడ్డలి పిడి ఏ చెక్కతో చేస్తారు? రాసి బయటపడ్డవాళ్లు ఊరుకోలేదు. గుర్తున్న ప్రశ్నలన్నీ పత్రికలకు చేరాయి, న్యూయార్క్ టైమ్స్ అచ్చేసింది, ఆయన మళ్లీ కొత్త ప్రశ్నలు రాసుకోవాల్సి వచ్చింది. పేపరు లీకులకు ఆద్యులం మనం కాదని కాస్త తృప్తిపడొచ్చు. ఆ రోజుల్లోనే అమెరికా పర్యటనకు వచ్చిన ఐన్‌స్టీన్‌ను బోస్టన్‌లో విలేకరులు ఎడిసన్ తరహాలోనే ధ్వని వేగమెంతో చెప్పమన్నారు. పుస్తకాల్లో దొరికే సంగతులు బుర్రలో మోసుకు తిరగనన్నాడాయన.

అంతకుముందు ఉద్యోగం అంటే చాలావరకు పలుకుబడి. ఈస్టిండియా కంపెనీలో కొలువు కావాలంటే డైరెక్టర్లలో ఎవరో ఒకరు పేరు సూచించాలి. మెకాలే కమిటీ 1854లో ఇది కుదరదంది, మరుసటి ఏడాది నుంచి సివిల్ సర్వీసుకు లండన్‌లో పోటీ పరీక్ష మొదలైంది. అయితే కలం ఒక్కటే చాలేది కాదు, గుర్రమూ ఎక్కి చూపించాలి. 1892లో అరవింద్ ఘోష్ పరీక్షలన్నీ గట్టెక్కి, స్వారీ పరీక్షకు హాజరు కాక ఐసీఎస్ పోగొట్టుకున్నారు.

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి మనిషిని తూచడం అమెరికా కంపెనీల్లో ఎడిసన్‌కు ముందే ఉంది. అలా తూచేవాళ్ల మీదే అనుమానం వచ్చిన మనిషి వాల్టర్ డిల్ స్కాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1915లో ఆయన చేసిన ప్రయోగం చాలా చిన్నది. సేల్స్‌మన్ ఉద్యోగాల కోసం వచ్చిన 36 మందిని ఆరుగురు మేనేజర్లు చూసి ర్యాంకులు వేశారు. 28 మంది విషయంలో ఆ ఆరుగురికీ పొత్తు కుదరలేదు. మొదటి ర్యాంకా, రెండో ర్యాంకా అన్న తగువు కూడా కాదు. ఈ మనిషి పై సగంలో ఉండాలా, కింది సగంలో ఉండాలా అన్న దగ్గరే పేచీ. 1922లో హారీ హాలింగ్‌వర్త్ 12 మంది మేనేజర్లతో, 57 మంది అభ్యర్థులతో ప్రకటించిన ఫలితం ఇంతకంటే ఘోరం. ఒకరు ముందు వరుసలో కూర్చోబెట్టిన మనిషిని ఇంకొకరు చివరి వరుసకు నెట్టేశారు.

‘మనిషిని చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది’ అనే పెద్దమనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. ఆ తర్వాతి వందేళ్ల ఇంటర్వ్యూ చరిత్రంతా నా దృష్టిలో ఆయన చేతులు కట్టేయడానికి జరిగిన ప్రయత్నమే.

మొదటి పెద్ద ప్రయత్నం రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది. బ్రిటిష్ సైన్యంలో అధికారులుగా ఎవరు పనికొస్తారో తేల్చడానికి కొద్ది నిమిషాల ముఖాముఖి సరిపోయేది. ఏ స్కూల్లో చదివావు, మీ నాన్న ఏం చేస్తాడు, ఇంతే. అలా ఎంపికైనవాళ్లు శిక్షణలో నిలవలేక వెనక్కి రావడం ఎక్కువైంది. 1942లో కొత్త సెలక్షన్ బోర్డులు పెట్టి మానసిక వైద్యులను, మనస్తత్వ శాస్త్రవేత్తలను కూర్చోబెట్టారు. వాళ్లలో విల్‌ఫ్రెడ్ బియాన్ ఒక చక్కటి కిటుకు పట్టాడు. కొందరిని గుంపుగా చేసి ఒక పని అప్పజెప్పడం, నాయకుడెవరో మాత్రం చెప్పకపోవడం. ఎవరు ముందుకొస్తారో, ఎవరు పక్కవాడిని నోరెత్తనివ్వరో పరీక్షకులు చూస్తూ కూర్చుంటారు. ఇవాళ మన కాలేజీ కుర్రాళ్లు భయపడే గ్రూప్ డిస్కషన్ ఈ కోవలోదే.

1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మకంగా ఇలాంటి బోర్డే వెలిసింది. ఇప్పుడు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అధికారులు కావాలనుకునేవాళ్లు వెళ్లే ఎస్సెస్బీకి మూలం అదే. ఐదు రోజుల వ్యవహారం. మొదటిరోజు వడపోతలో ఆగిపోయినవాళ్లు సంచి సర్దుకుని అదే రోజు బయల్దేరతారు. మిగిలినవాళ్లకు బొమ్మ చూపించి కథ రాయమంటారు. తెర మీద 60 మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఒక్కోదానికి 15 సెకన్లలో తోచిన వాక్యం రాయాలి. సైకాలజిస్టు, మైదానంలో పనులు చేయించే అధికారి, ఇంటర్వ్యూ చేసే అధికారి ఎవరి అంచనా వాళ్లు విడిగా వేసుకుంటారు, చివరిరోజు కాన్ఫరెన్సులో కలిసి కూర్చునేదాకా ఒకరి మాట ఒకరికి చెప్పుకోరు. స్కాట్ చూపించిన జబ్బుకు ఇంతకంటే మంచి మందు నాకు కనబడలేదు.

కంపెనీలు మాత్రం వేరే దారి పట్టాయి. ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఒకడైన విలియం షాక్లీ 1957లో ఉద్యోగానికి వచ్చిన జిమ్ గిబ్బన్స్‌ను ఒక పొడుపుకథ అడిగాడు. టెన్నిస్ పోటీలో 127 మంది ఆడుతున్నారు, విజేత తేలడానికి ఎన్ని మ్యాచ్‌లు కావాలి? రౌండ్లు లెక్కేస్తూ పోతే తల తిరుగుతుంది. ఒక్కో మ్యాచ్‌లో ఒకరు ఓడతారు, ఓడాల్సినవాళ్లు 126 మంది, కాబట్టి మ్యాచ్‌లూ 126. గిబ్బన్స్ వెంటనే చెప్పేశాడు. మైక్రోసాఫ్ట్ వంతు వచ్చేసరికి ‘మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది’ అన్న ప్రశ్న ప్రపంచమంతా పాకింది. మన ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో శకుంతలాదేవి పజిళ్ల పుస్తకాలు చేతులు మారుతూ నలిగిపోయింది ఈ గాలి వీచినప్పుడే. ఇంత చేశాక 2013లో గూగుల్ సిబ్బంది విభాగం అధిపతి లాస్లో బాక్ తేల్చిందేమంటే, పజిళ్ల వల్ల అభ్యర్థి గురించి ఏమీ తెలియదు, అడిగేవాడికి తాను తెలివైనవాడినన్న సంబరం తప్ప.

పనికొచ్చే సంగతి అప్పటికే పరిశోధనల్లో ఉంది. 1980లో గ్యారీ లేథమ్ బృందం ‘ఇలాంటి ఇబ్బంది వస్తే ఏం చేస్తారు’ అని అడగమంది. 1982లో టామ్ జాంజ్ ‘ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు’ అని అడగమన్నాడు. అందరికీ అవే ప్రశ్నలు, ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసుకోవడం. ఇలా చేసిన ఇంటర్వ్యూలు పిచ్చాపాటీ ఇంటర్వ్యూల కంటే పనితనాన్ని బాగా పసిగడతాయని తర్వాతి అధ్యయనాలూ చెప్పాయి. అభ్యర్థి సన్నాహం కూడా దీంతో మారిపోయింది. ఊరు, పేరు, మార్కుల శాతంతో బట్టీపట్టిన ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ మొదటి నిమిషం దాటదు. మనవాళ్లు తడబడేది ఆ తర్వాతే. ప్రాజెక్టు గురించి అడిగితే టీమంతా చేసిన పని గడగడా చెప్పుకొస్తారు, అందులో తన చేతి పని ఏదో చెప్పరు. ఎక్కడ చిక్కొచ్చింది, తాను ఏం చేశాడు, ఏం ఫలితం వచ్చింది, ఈ వరుసలో నాలుగైదు సొంత అనుభవాలు కాగితం మీద రాసుకుని, పైకి చెప్పి చూసుకోవడం అరువు తెచ్చుకున్న యాభై జవాబుల కంటే మేలు.

ప్రభుత్వ కొలువుల్లో చేతులు కట్టే పని కోర్టులు చేశాయి, మొదలైంది మాత్రం కాలేజీ సీట్ల దగ్గర. శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు. ఆ ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగిసేది, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అని అడిగేవారని విద్యార్థులు కేసు వేశారు. 1980లో అజయ్ హసియా తీర్పులో సుప్రీంకోర్టు, ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు 15 శాతం మించితే అది నిరంకుశమేనంది. సంభాషణను టేపు రికార్డు చేస్తే మంచిదనీ సలహా ఇచ్చింది. మరుసటి ఏడాదే లీలాధర్ కేసులో మన తెలుగు న్యాయమూర్తి ఓ.చిన్నప్పరెడ్డి ఇంకో కోణం చూపించారు. కాలేజీ సీటు వేరు, కొలువు వేరు, వయసొచ్చిన మనిషి వ్యక్తిత్వం కాగితం మీద తెలియదు, అన్ని ఉద్యోగాలకూ ఒకే కొలత పనికిరాదని చెప్పి, రాజస్థాన్ మునసబుల ఎంపికలో 25 శాతాన్ని నిలబెట్టారు. 1985లో హర్యానా సర్వీస్ కమిషన్ 22.2 శాతం మాత్రం కోర్టుకు ఎక్కువనిపించింది, యూపీఎస్సీలాగా 12.2కు దించమంది. ఇప్పుడు సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులకు ఇంటర్వ్యూ వాటా 275.

2016 జనవరి 1 నుంచి కేంద్రం కింది స్థాయి కొలువులకు ఇంటర్వ్యూలే తీసేసింది. 2022లో తెలంగాణ గ్రూప్-1కు కూడా ఇంటర్వ్యూ వద్దనుకుని, 900 మార్కుల రాతపరీక్షతోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకు ఏడాది ముందే రద్దు చేసి, ఆ 2022లోనే గ్రూప్-1కు 75 మార్కుల ఇంటర్వ్యూను మళ్లీ తెచ్చిపెట్టింది.