కొంగు ముడి

నిజామాబాద్. పొద్దున ఏడున్నర. రాత్రి వానకు గ్రౌండులో సున్నం గీతలు సగం కొట్టుకుపోయాయి. పీఈటీ సార్ డబ్బా పట్టుకొని వంగి మళ్లీ గీస్తున్నారు. అటు మూల క్రికెట్ కుర్రాళ్లు వికెట్లు పాతేసి కదలడం లేదు.

"గంటన్నరే తమ్మీ," అని టీచరమ్మ బతిమాలుతోంది.

"ఆడపిల్లల ఆటనే గద మేడం, సగం గ్రౌండు సాలదా?"

నా ఒళ్లు మండింది. 1920లో లివర్‌పూల్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 53 వేల మంది వచ్చారు. మరుసటేడే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వద్దని తీర్మానించింది. 1971 దాకా అదే వరస. బంతి ఎవరూ లాక్కోలేదు. గ్రౌండు ఇవ్వలేదు, అంతే.

టీచరమ్మ మాత్రం అక్కడే నిలబడింది. చివరికి వికెట్లు పీకారు.

వేపచెట్టు కింద ఒక పిల్ల, అక్క బూట్లేమో, ముందు భాగంలో న్యూస్‌పేపర్ కుక్కుతోంది. నీళ్ల సీసాలన్నీ నిండుగానే ఉన్నాయి. తాగండే అంటే, "తాగితే యాడికి పోవాలె మేడం?" అంటున్నారు. బాత్రూముకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

రెఫరీ వరసగా చూసుకుంటూ వచ్చి తొమ్మిదో నంబరు దగ్గర ఆగారు.

"ముక్కుపుల్ల తియ్యమ్మా."

"ప్లాస్టర్ ఏస్కుంట సార్."

"ప్లాస్టర్ చెల్లదు. రూలు."

పిల్ల మర తిప్పుతోంది. రావడం లేదు. ముక్కు ఎర్రబడింది, కళ్లలో నీళ్లు.

గట్టు మీంచి వాళ్లమ్మ లేచింది. తండా నుంచి కూతురి ఆటకు రావడం ఇదే మొదటిసారట. గీత దాటి లోపలికొచ్చింది. ఎవరూ ఆపలేదు. తన తలకు రాసుకున్న కొబ్బరినూనె వేళ్లకు అద్దుకొని, కూతురి ముక్కుకు పట్టించి, గడ్డం పట్టుకొని మెల్లగా మర తిప్పింది. ఎర్రరాయి అరచేతిలో పడింది. కొంగు చివర రెండు ముళ్లు వేసింది. తమ భాషలో ఏదో అని వీపు తట్టింది.

విజిల్.

తొమ్మిదో నంబరు ఎడమ అంచున ఉరుకుతోంది. కంకర మీద పడింది. మోకాలు చెక్కుకుపోయింది. తల్లి ముడిని గుప్పిట్లో బిగించి సగం లేచింది. అంతలో పిల్లే లేచింది. మళ్లీ బంతి, మళ్లీ అదే అంచు. ఈసారి బ్యాక్‌ను దాటేసి లోపలికి కొట్టింది. 7.32 మీటర్ల గోలు మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ చిన్న గోల్‌కీపర్ చేతులకు అందలేదు.

"సౌమ్యక్క లెక్క ఉరికిందే!" పక్కనున్న పిల్లలు ఎగురుతున్నారు.

"ఎవలామె?" తల్లి నన్నడిగింది.

చెప్పాను. గుగులోతు సౌమ్య, ఈ జిల్లా పిల్లే. ఇండియా టీమ్‌లో ఆడుతుంది. 2022లో క్రొయేషియా దాకా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది.

"గుగులోతోళ్లా?" అంది. "మా లంబాడోళ్లే." ఆ తర్వాత ఆట అయ్యేదాకా మాట్లాడలేదు.

2–1తో ఓడిపోయారు. ముఖమంతా మట్టితో పిల్ల వచ్చి చెయ్యి చాపింది, ముక్కుపుల్ల కోసం.

తల్లి ముడి విప్పలేదు. టీచరమ్మ వైపు తిరిగింది.

"మల్లెప్పుడు మేడం ఆట?"

"ఆదివారం."

కొంగు నడుములో దోపుకొని, కూతురి మోకాలు చూడ్డానికి వంగింది.