మదనపల్లె కంఠాలలో జనగణమన

‘జనగణమన’ బాణీ మదనపల్లెలోనే పుట్టిందన్న మాట తెలుగునాట తరచు వినిపిస్తుంది. చారిత్రకంగా అది నిలవదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలోనే ఆ గీతాన్ని ఆలపించారు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో జరిగినది వేరు. నా దృష్టిలో అంతకన్న విలువైనది.

బిసెంట్ థియొసాఫికల్ కళాశాల అధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆయన ఆహ్వానంపై వచ్చిన రవీంద్రుడు ఒక సాయంకాలం సభలో ఈ గీతం పాడాడు. కజిన్స్ దంపతుల ఆత్మకథ (1950) ప్రకారం, అది మొదట శ్రోతలకు ప్రాంతాలు, కొండలు, నదుల పేర్లతో కూడిన భూగోళ పాఠంలా తోచింది. రెండవ చరణంలో మతాల పేర్లు వచ్చాయి. వారిని కదిలించినది పల్లవి. మళ్లీ మళ్లీ పాడించుకొని, చివరకు తామే గొంతు కలిపారు. ఇది మూడు దశాబ్దాల తరువాత గురువులు చెప్పిన మాట, విద్యార్థులది కాదన్న ఎరుక పరిశోధకునికి అవసరం. అయినా ఆ క్రమం నమ్మదగినదే. వంగభాష రాని తెలుగు విద్యార్థికి ఆ తత్సమపదాలు కొత్తవి కావు. ఒకరు చరణం పాడితే తక్కినవారు పల్లవి అందుకోవడం మన భజనలలో నిత్యం జరిగేదే. దేశమనే భావన వారి నోటికి పరిచితమైన ఈ దారినే వచ్చింది.

జేమ్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు, స్త్రీల ఓటుహక్కుకై జైలుకు వెళ్లిన వనిత. బాణీని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించినది ఆమె. రవీంద్రుని ఆంగ్లానువాదం ఫిబ్రవరి 28 నాటిది. ఈ రెంటితో ఆ పాట వంగభాష తెలియనివారికి, దానిని ఎన్నడూ విననివారికి సైతం అందేదయింది.

మరొక సంగతి గమనింపదగినది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోరుతూ 1913లో బాపట్లలో ఆంధ్రమహాసభ సమావేశమై అప్పటికి ఆరేళ్లయినా కాలేదు. గీతంలో ఆంధ్ర నామం లేదు. తెలుగువాడు ‘ద్రావిడ’ పదంలోనే తన్ను చూసుకోవాలి. ప్రాంతాభిమానం వేడెక్కుతున్న ఆ రోజులలో, తమ పేరు లేని పాటను ఆ యువకులు తమదిగా పాడుకున్నారు. పాడిన కవి సైతం అంతకు రెండేళ్ల క్రితమే, 1917లో, జాతీయవాదాన్ని తీవ్రంగా విమర్శిస్తూ గ్రంథం వెలువరించినవాడు. తూర్పు పడమరలు ఒకచోట చేరే భావం గీతంలోని రెండవ చరణంలో ఉంది. మదనపల్లె సభ దానినీ విన్నది. 1950 జనవరి 24న రాజ్యాంగసభ జాతీయగీతంగా స్వీకరించినది మొదటి చరణాన్ని మాత్రమే.