బీచెన్ కొండ మీద ఒక విశేషణం

2025 డిసెంబరు 16కి జేన్ ఆస్టిన్ పుట్టి 250 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా ఆమె నవలల గురించి చాలామంది చాలా రాశారు. ఆ నవలల్లో ఒకదాంట్లో ఒక చిన్న విశేషణం మీద రేగిన తగవు గురించి చెప్పాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆ విశేషణం మన ఇళ్లల్లోనూ రోజూ వినబడేదే: నైస్.

దీని మూలం లాటిన్‌లో ‘నెస్కియుస్’. ఏమీ తెలియనివాడని అర్థం. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. కవి చాసర్ కాలంలో ఎవరినైనా నైస్ అంటే తిట్టినట్టే లెక్క. తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్లలో అదే మాట బిడియాన్ని, నాజూకును, చాదస్తాన్ని, పట్టింపును, సూక్ష్మతను ఒకదాని తర్వాత ఒకటిగా, ఒక్కోసారి అన్నిటినీ కలిపి మోసింది. 16, 17 శతాబ్దాల వాక్యాలు చాలావాటిలో ఇది ఏ అర్థంలో పడిందో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులే రాశారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ మాటకు ఖచ్చితత్వం, సున్నితత్వం, అతి పట్టింపు వంటి అర్థాలకే పెద్దపీట వేశాడు. మరో పదిహేనేళ్లు తిరక్కుండానే జనం ‘బాగుంది’ అనడానికి నైస్ అనడం మొదలుపెట్టారు.

ఇక అసలు కథ. ‘నార్తాంగర్ ఆబీ’ నవల పద్నాలుగో అధ్యాయం. బాత్ నగరాన్ని ఆనుకుని ఉన్న బీచెన్ కొండ మీదికి ముగ్గురు షికారు బయల్దేరారు. పల్లెటూరి మతగురువు కూతురు క్యాథరిన్‌కు పదిహేడేళ్లు. ఆమె మనసులో ఉన్నవాడు హెన్రీ టిల్నీ, చదువుకున్నవాడు, మాటకారి. మూడో మనిషి అతని చెల్లెలు ఎలినర్. క్యాథరిన్ అప్పట్లో ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన ‘ఉడోల్ఫో’ నవల మత్తులో ఉంది. ప్రపంచంలో ఇంత నైస్ పుస్తకం ఇంకోటి ఉంటుందా అని సంబరంగా అడిగింది. హెన్రీ తడుముకోలేదు. నైస్ అంటే పొందికగా ఉందనే కదా, అది బైండింగును బట్టి ఉంటుంది అన్నాడు!

చెల్లెలికి అన్న సంగతి తెలుసు. నా మాటల్లోనూ ఇలాగే తప్పులు పడతాడు, త్వరగా ఆ మాట మార్చెయ్, లేకపోతే దారి పొడుగునా జాన్సన్ నిఘంటువునూ బ్లెయిర్ అలంకారశాస్త్రాన్నీ మన నెత్తిన పోస్తాడు అని క్యాథరిన్‌ను హెచ్చరించింది. క్యాథరిన్ తగ్గలేదు. అది నైస్ పుస్తకమే, నైస్ అని ఎందుకు అనకూడదు అంది. హెన్రీ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని చురక వేశాడు: ఈ రోజు నైస్, ఈ నడక నైస్, మీరిద్దరూ నైస్, అన్నిటికీ సరిపోయే మాట దొరికింది. పూర్వం దీన్ని పొందికకు, నాజూకుకు, ఎంపికలో సూక్ష్మతకు వాడేవారనీ, ఇప్పుడు ఏ పొగడ్తయినా ఈ ఒక్క మాటలోనే ఇరుక్కుందనీ వాపోయాడు. అప్పుడు ఎలినర్ అందుకుంది. ఆ మాట నీకే చెల్లుతుందన్నయ్యా, అదీ పొగడ్తగా కాదు, నీకు పట్టింపు ఎక్కువ, వివేకం తక్కువ అనేసింది. పాత అర్థంతోనే అన్న నోరు మూయించిన ఆ పిల్ల అంటే నాకు ఎంతో ఇష్టం.

హెన్రీ చెప్పిన చరిత్ర కూడా సగమే నిజం. అతను అసలు అర్థం అనుకున్న సూక్ష్మత మధ్యలో వచ్చి చేరింది. తొలి అర్థం తెలివితక్కువతనం. నా ఓటు క్యాథరిన్‌కే. తనకు నచ్చినదాన్ని తన కాలపు మాటతో చెప్పింది, ఎదుటివాడి పాండిత్యానికి బెదరలేదు.

ఈ నవల రాతప్రతిని ఆస్టిన్ 1803లో పది పౌన్లకు ఒక ప్రచురణకర్తకు అమ్మింది. అతను అచ్చు వేయలేదు. 1816లో అదే పది పౌన్లు ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది జులైలో ఆమె కన్నుమూసింది. డిసెంబరులో ‘పర్స్యుయేషన్’తో కలిపి నాలుగు సంపుటాలుగా నవల వెలువడింది. తమాషా ఏమిటంటే, ఆ ‘పర్స్యుయేషన్’లో మిస్టర్ ఎలియట్ నోట ఇదే నైస్ పాత అర్థంలో, పట్టింపు అనే అర్థంలో పలుకుతుంది. హెన్రీ పోయిందని బాధపడిన అర్థం ఆ నాలుగు సంపుటాల్లోనే బతికి ఉంది.

ఒకే మాటతో నెట్టుకొచ్చేవారికి వేరే మాటలు అందించే పని పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు తలకెత్తుకున్నాడు. 1805లో సొంతానికి మొదలుపెట్టిన పదాల జాబితా, ఆయనకు 73 ఏళ్లు వచ్చాక, 1852లో ‘థెసారస్’గా అచ్చయింది. పదాలను అక్షరక్రమంలో కాక భావాలను బట్టి వెయ్యి శీర్షికల కింద పేర్చాడు. ఇలాంటి ప్రయత్నాల్లో తనకు తెలిసిన తొలి గ్రంథం సంస్కృత నిఘంటువు అమరకోశమని, సెరాంపూర్‌లో 1808లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదాన్ని పేర్కొంటూ పీఠికలోనే రాశాడు. మన వీధిబడుల్లో పిల్లలు వల్లెవేసిన అమరానికి లండన్‌లో దక్కిన ఆ గౌరవం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడిందీ ఆ 1852లోనే.

ఆ తర్వాత నైస్ కథకు వరస లేదు. ఇంగ్లీషు బడుల్లో పంతుళ్లు నైస్ కొట్టేసి ప్లెజెంట్, లవ్లీ, కైండ్ రాయమన్నారు. పిల్లలు రాశారు, బడి దాటగానే మళ్లీ నైస్ అన్నారు. అమెరికా దుకాణాల్లో అది ‘హ్యావ్ ఎ నైస్ డే’ అనే వీడ్కోలు మాటలో చేరింది. తత్వశాస్త్రం చర్చించేవారు మాత్రం సూక్ష్మమైన తేడాను ఇప్పటికీ నైస్ డిస్టింక్షన్ అంటారు.

మన దగ్గర ఇంకా విచిత్రం. ఫొటో కింద నైస్ అని పెట్టడం సరే, అది అరువు తెచ్చుకున్న పొగడ్త. ‘నైస్‌గా మాట్లాడి పని కానిచ్చుకున్నాడు’, ‘నైస్‌గా జారుకున్నాడు’ అన్నప్పుడు అందులో పొగడ్త లేదు, ఎదుటివాడి నేర్పు ఉంది. ఇక గ్రైండర్ దగ్గర ‘ఇడ్లీ రవ్వ కాదు, మినప్పిండి నైస్‌గా రుబ్బు’ అనే అమ్మ, ‘గారెలకు మరీ నైస్‌గా వద్దు, కాస్త గట్టిగా ఉండాలి’ అనే అత్తయ్య వాడే నైస్, హెన్రీ టిల్నీ వెతుక్కున్న సన్ననిది, సూక్ష్మమైనది అనే అర్థానికి ఎంతో దగ్గర. ఈ వాడుకలను ఉదాహరణలతో సహా మన నిఘంటువుల్లోకి ఎక్కించాలి. ‘నైస్: ఆంగ్లపదం, బాగున్నది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు.