మోజంజాహీ మార్కెట్: బేరం ఆగని రాతి కట్టడం

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ నుంచి వచ్చే దారి, అబిడ్స్ నుంచి దిగే దారి, అఫ్జల్‌గంజ్ వైపు దారి, జాంబాగ్ మీదుగా కోఠికి పోయే దారి అన్నీ వచ్చి కలిసే చౌరస్తా మాది. ఆటోవాళ్లకు ‘ఎంజే మార్కెట్’ అంటే చాలు, ఇంకో గుర్తు అడగరు. నిమజ్జనం రోజున పాతబస్తీ వైపు వినాయకులు ఈ చౌరస్తా దాటాకే ట్యాంక్‌బండ్ దారి పడతారు. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే నెలన్నర రోజులూ అక్కడ కాళ్లు నొప్పులు పుట్టేలా తిరిగినవాళ్లు ఇక్కడికొచ్చి ఐస్‌క్రీమ్ తిని గానీ ఇంటికి పోరు. ఇంత రద్దీ మధ్యన ఒక రాతి కట్టడం తొంభై ఏళ్లుగా నిలిచి ఉందంటే దాని సంగతి రాసిపెట్టుకోవాల్సిందే.

కథ 1908 మూసీ వరదతో మొదలుపెట్టాలి. ఆ సెప్టెంబరులో నది ఊరి మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బతో రెండు పనులు జరిగాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఇరుకు బస్తీలను విడగొట్టి, రోడ్లు వెడల్పు చేసి, బజార్లు కట్టడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో వరసగా కనిపించే రాతి కమాన్ల దుకాణాలు ఆ బోర్డు కట్టించినవే. ఆ రాతికీ మా మార్కెట్ రాతికీ పోలిక కనిపెట్టడానికి ఇంజనీరు కానక్కర్లేదు.

బోర్డుకు అధ్యక్షుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మోజం జా. 1935లో కట్టిన మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు. ఆయన ఉర్దూ కవి కూడా, ‘షజీ’ అన్న పేరుతో రాసేవాడు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో ఒట్టోమన్ రాజవంశానికి చెందిన నీలోఫర్‌ను పెళ్లాడాడు. ఆ పెళ్లి చివరిదాకా నిలబడలేదు. ఊళ్లో మాత్రం ఆయన పేరు బజారుకూ ఆమె పేరు రెడ్‌హిల్స్‌లో పిల్లల ఆస్పత్రికీ ఉండిపోయాయి. ఇద్దరిలో ఎవరి పేరు ఎక్కువ మంది నోట నానుతోందంటే, నా ఓటు ఆమెకే.

కట్టడం విషయానికొస్తే, దాన్ని చౌరస్తా మూలకు సరిగ్గా కుదిర్చారు. మూల మీద గుమ్మటంతో గడియారం గోపురం, దాని కింద ఎత్తయిన కమాను దర్వాజా, రెండు పక్కలా రెండు చేతులు చాపినట్టు మలిగీల (దుకాణాల) వరసలు. కొన్ని మలిగీలు రోడ్డుకు తెరుచుకుంటాయి, కొన్ని లోపలి ఆవరణలోకి. అంతా గ్రానైటు. ఈ రాయి ఎక్కణ్ణుంచో తెచ్చింది కాదు, దక్కన్ నేల కాలికింద ఉన్నదే. ఎండాకాలంలో లోపలికి అడుగుపెడితే బయటికీ లోపలికీ తేడా తెలుస్తుంది. మందపు గోడలు, ఎత్తు కప్పు, ముందు వసారా. ఏసీలు లేని రోజుల్లో పండ్లు అమ్ముకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

అవును, ఇది మొదట పండ్ల మార్కెట్. 1980లలో పండ్ల హోల్‌సేల్ వ్యాపారాన్ని గడ్డిఅన్నారం తరలించారు. అది అక్కడా స్థిరపడలేదు. ఆస్పత్రి కోసం ఆ స్థలం ఖాళీ చేయించాక బాటసింగారం పోయింది. జాంబాగ్ పూల బజారు గుడిమల్కాపూర్ చేరింది. టోకు సరుకు పోతే చాలా మార్కెట్లు గోదాములవుతాయి. మాది కాలేదు. అత్తరు దుకాణాలు, ఎండుపండ్లు, హుక్కా సామాను, పాన్ సామగ్రి, మాంసం కొట్లు, అన్నిటికీ మించి ఐస్‌క్రీమ్ దుకాణాలు దాన్ని కాపాడాయి.

కాపాడినవాళ్లే పాడు కూడా చేశారు, అది వేరే సంగతి. ఒకరు ఎండకు రేకు దించారు. పక్కవాడు వానకు ఇంకో జానెడు ముందుకు దించాడు. ఇంకొకరు సరుకు పట్టక వసారాను కలిపేసుకున్నారు. బోర్డు మీద బోర్డు వచ్చింది, మీటరు డబ్బాల కోసం రాతికి చిల్లులు పడ్డాయి, కరెంటు తీగలు చిక్కుపడ్డాయి. కమాన్లు ఉన్నాయన్న సంగతి తలెత్తి చూస్తే తప్ప తెలియని రోజులవి. కప్పు మీద రావి మొలకలు, గోడ మీద డీజిల్ మసి. దుకాణదార్లనే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. ఇల్లుగలాయన మరమ్మతు చేయకపోతే కిరాయిదారు రేకు వేసుకుంటాడు. ఇక్కడ ఇల్లుగలాయన నగరపాలక సంస్థ.

2018లో మరమ్మతు మొదలైంది, 2020 ఆగస్టులో పూర్తయింది. సుమారు 15 కోట్ల ఖర్చు. ముందు రేకులు, అదనపు కట్టడాలు ఊడదీశారు. ఆ తర్వాత రాయి శుభ్రం చేయడం. ఇలాంటి చోట తొందరపడి గీకితే రాతి మీది ఉలి పని కూడా పోతుంది. పాత గోడలకు సిమెంటు పూత పెట్టడం ఇంకో అలవాటైన తప్పు. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది, ఆ తేమ ఇంకో దారి వెతుక్కుని రాతి అతుకుల్ని తినేస్తుంది. డంగు సున్నం అలా కాదు, గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి సున్నాన్ని గానుగలో నూరడం మన తాపీ మేస్త్రీలకు తరతరాలుగా తెలిసిన విద్యే. ఇప్పుడు అది తెలిసిన చేతులు తక్కువ, కూలి ఎక్కువ, ఆరడానికి పట్టే రోజులు ఇంకా ఎక్కువ. టెండరు కాగితం మీద ఈ ఓపికకు చోటు దొరకడమే కష్టం.

నాకు అన్నిటికంటే నచ్చింది బోర్డుల సంగతి. దుకాణాలన్నిటికీ ఒకే తీరు బోర్డులు పెట్టారు. చిన్న పనే, కానీ కమాన్లు బయటపడ్డాయి. గడియారం మళ్లీ తిరుగుతోంది. రాత్రిపూట దీపాలు వెలిగిస్తే పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కార్లాపి ఫొటోలు తీసుకుంటున్నారు.

అంతకంటే పెద్ద పని ఏమిటంటే, దుకాణదార్లను దుకాణాల్లోనే ఉంచడం. బాగుచేసిన పాత కట్టడాన్ని మ్యూజియం చేయడం, లేకపోతే ఖరీదైన హోటలుకు ఇవ్వడం సులువు. ఇక్కడ ఆ పని చేయలేదు. అందుకే ఇవాళ కూడా అత్తరు దుకాణంలో పెద్దాయన సన్నటి గాజుపుల్ల సీసాలో ముంచి ముంజేతి వెనక గీస్తాడు. ‘వెంటనే వాసన చూడకు బేటా, అటు ఒక చక్కర్ కొట్టి రా’ అంటాడు. చక్కర్ కొట్టేలోపు ఐస్‌క్రీమ్ కొట్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలు రమ్మంటాయి. సీజన్‌లో సీతాఫలం, ఎండల్లో మామిడి. పాత పద్ధతిలో ఐతే చెక్క పీపాలో ఐసు, ఉప్పు నింపి మధ్య డబ్బాను తిప్పుతారు. ఆ ఐస్‌క్రీమ్‌లో గాలి తక్కువ, పండు ఎక్కువ. కొనేవాడికి అసలు చరిత్ర అక్కర్లేదు, గిన్నెలో స్కూపు ఉంటే చాలు. అయినా ఆ స్కూపు కోసం వచ్చిన ప్రతివాడూ ఆ కమాను కిందుగానే రావాలి.

లోపాలు లేవని కాదు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. సాయంత్రం సెల్ఫీల గుంపులో మధ్యాహ్నపు అసలు గిరాకీ మాట మరిచిపోతున్నాం. కిరాయి పెంచితే ముందు పోయేది అత్తరు పెద్దాయనే, కాఫీ చైన్ దుకాణం కాదు. రేకులు కూడా ఒకటీ అరా తొంగిచూస్తూనే ఉంటాయి. పర్యవేక్షణ మానేస్తే మరో పదిహేనేళ్లకు మళ్లీ 15 కోట్ల టెండరు పిలవాలి.

ఇది రాయడానికి కారణం ఇంకోటుంది. మార్కెట్‌కు దీపాలు పెట్టిన 2020లోనే, సరిగ్గా నెల ముందు, ఇక్కడికి కొద్ది దూరంలో మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకి వాననీళ్లు వచ్చాయి. రోగుల మంచాల కింద నీళ్లు నిలిచిన వీడియోలు ఊరంతా చూసింది. ఆ నెలాఖరుకే పాత భవనాన్ని ఖాళీ చేయించారు. అది కూడా అదే నిజాం కాలపు కట్టడం, విన్సెంట్ ఎష్ గీసిన నమూనా. ఒకే ఊరు, ఒకే కాలం, ఒకే ప్రభుత్వం, రెండు కట్టడాలు, రెండు దారులు. 2025 జనవరిలో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి మా పక్కనే గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. అంటే మూసీ ఒడ్డు గుమ్మటాల కింద రేపు ఏం జరగాలన్నది తేల్చాల్సింది ఇప్పుడే.

అధికారులకు, ఆ బస్తీవాళ్లకు నా మనవి ఒక్కటే. సారువ కట్టకముందే, టెండరు పిలవకముందే, ఆ భవనంలో రోజూ పొద్దున తలుపు తీసేదెవరో, ఏ పని మీద జనం వస్తారో రాసి పెట్టండి. మెడికల్ కాలేజీకి ఇస్తారో, ఓపీ నడుపుతారో, వైద్య చరిత్ర గ్రంథాలయం పెడతారో మీ ఇష్టం. ఎవరూ రాని భవనానికి ఎంత సున్నం పూసినా, రెండు వానాకాలాలు దాటేసరికి రావి మొక్క మళ్లీ మొలుస్తుంది.