యాష్ నగరపు సంస్కృతి ప్రాసాదము

రాజులు కట్టించిన కోటలు కాలక్రమమున ప్రదర్శనశాలలగుట లోకమున సామాన్యమే. రాజు నివసింపకయే ప్రాసాదమను పేరొంది, ముప్పది సంవత్సరములు న్యాయస్థానముగను, ప్రభుత్వ కార్యాలయముగను నడచి, తుదకు ప్రజల విజ్ఞాననిలయమైన కట్టడము మాత్రము అరుదు. అట్టిది రుమేనియా దేశపు ఈశాన్యభాగమున, యాష్ నగరమందు కలదు. దానిని సంస్కృతి ప్రాసాదమందురు.

ఆ స్థలము బహు ప్రాచీనమైనది. మొల్దావియా ప్రభువుల ఆస్థానము అచ్చట నుండినట్లు 1434 నాటికే లిఖితాధారము కలదు. ఆ కోట శిథిలములపై అలెగ్జాండ్రు మొరూజీ ప్రభువు 1806 నాటికి ఒక భవనమును కట్టించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున దానిని తొలగించి, వాస్తుశిల్పి బెరిందే 1906లో ఇప్పటి కట్టడమును ఆరంభించెను. నడుమ మొదటి ప్రపంచయుద్ధము వచ్చి పని సాగలేదు. తుదకు 1925 అక్టోబరు 11వ తేదీన ఫెర్డినాండు రాజు దీనికి ప్రారంభోత్సవము చేసెను.

మధ్యయుగమున ఐరోపా దేవాలయములను నిర్మించిన గోతిక్ శైలిని తరువాతి కాలపు శిల్పులు మరల చేపట్టిరి. అదియే నవగోతిక్ శైలి. కొనదేలిన కమానులు, సన్నని శిఖరములు, నడుమ ఉన్నతమైన గోపురము దూరమునుండియే కనులకు కట్టును. ఎదుట స్టీఫెన్ మహాప్రభువు అశ్వారూఢ విగ్రహము 1883 నుండియు నిలిచియున్నది. లోపల అడుగిడగనే నేలపై రంగురాళ్లతో కూర్చిన జంటతలల గరుడపక్షులు, సింహములు, రెక్కల సర్పములు స్వాగతమిచ్చును. గదులు 298.

చూచుటకు ఇది పురాతన దుర్గమువలె నున్నను, కట్టిన విధము నవీనమే. బరువైన శిలలకు బదులు తేలికయైన, చౌకయైన సామగ్రిని వాడిరి. కొన్ని గదులలో ఓకు కొయ్యచెక్కడమని మనము భ్రమపడునది నిజమునకు సిమెంటు. ఆ విద్యను కనిపెట్టినవాడు విమానశాస్త్రమున ప్రసిద్ధుడైన ఆన్రీ కోవాండా. విద్యుద్దీపములు, గాలి ప్రసరించు ఏర్పాట్లు, గదులను వెచ్చబరచు సాధనములు ఆనాడే అమర్చిరి.

అయినను ఈ ప్రాసాదమునకు ప్రాణము గోపురముపై నున్న గడియారము. గంటగంటకు దాని ఎనిమిది గంటలు ఒక పాట వరుసను మ్రోగించును. అది వాసిలె అలెక్సాండ్రి 1856లో రచించిన ఐక్యతా గీతము. ఆ పాట కోరిన కోరిక 1859లో ఫలించెను. మొల్దావియా, వలాకియా సంస్థానములు రెండును అలెగ్జాండ్రు యోన్ కూజా అను నొక్కనినే ప్రభువుగా నెన్నుకొనెను. అంతట 1862లో బుకారెస్టు ఏకైక రాజధాని యయ్యెను. యాష్ నగరము తన రాజధాని హోదాను కోల్పోయెను. ఐక్యతకై అంతటి మూల్యము చెల్లించిన నగరము తన గోపురముపై నిలుపుకొన్నది వగపు పాట కాదు, ఆ ఐక్యతాగీతమే. ఈ మాట నెరిగి విన్నవానికి ఆ గంటల నాదము వేరుగా వినిపించును.

1955లో న్యాయస్థానము తొలగి, ఈ భవనము సంస్కృతికి నెలవయ్యెను. నేడు ఇందు చరిత్ర, జానపద జీవనము, చిత్రకళ, విజ్ఞానశాస్త్రము అను నాలుగు ప్రదర్శనశాలలు కలవు. ఒకప్పుడు జిల్లా గ్రంథాలయమును ఈ కప్పు క్రిందనే యుండెడిది. రెండవ ప్రపంచయుద్ధమున దెబ్బతిన్న ఈ కట్టడమును 2008 మొదలు 2016 వరకు శ్రద్ధతో బాగుచేసిరి.

పూర్వము ప్రభువులు కొలువుదీరిన స్థలమున నేడు పల్లెటూరి మగ్గము, ద్రాక్షరసము తీయు పనిముట్టు గౌరవముతో నిలిచియున్నవి. తీర్పు కొరకు భయపడుచు మెట్లెక్కిన సామాన్యుని సంతతి నేడు తన పూర్వుల వస్తువులను చూచుటకు ఆ మెట్లనే యెక్కుచున్నది. గోడలు మారలేదు, వానిలోనికి ప్రవేశించు హక్కు ఎవరిదను మాట మారినది. పెద్ద ప్రాసాదమైనను చిన్న గ్రంథాలయమైనను, అందరికిని తలుపు తెరచినప్పుడే అది ప్రజలదగును.