సార్వత్రిక విద్యయు, ఇంటి గడపయు

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట చెరువునకు చేరువలో నార్సింగి యను ప్రాంతము గలదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై ఆ జలాశయమును నిర్మించిరి. 1920లో అది పూర్తియైనది. చిరకాలము సేద్యమే ఈ ప్రాంతపు జీవనాధారము. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఆకాశమునంటు మేడలు క్రమముగా ఇచ్చటివరకును వ్యాపించినవి. ఆ మేడలలో కంప్యూటరు ముందు కూర్చుండు పట్టభద్రులు అనేకులు. వానిని కాచువారును, తుడుచువారును, కార్లు నడుపువారును, వంట చేయువారును అనేకులే. ఈ రెండు వర్గములను వేరుచేయు గోడలలో పెద్దది చదువు. బాల్యమున బడి విడిచినవాడు నడివయస్సున ఆ గోడను దాటగలడా? ఈ ప్రశ్నకు చరిత్ర ఏమి చెప్పుచున్నదో విచారింతము.

తరగతిలో కూర్చుండకయే పట్టము పొందవచ్చునను భావము నేటిది గాదు. 1858లోనే లండను విశ్వవిద్యాలయము కళాశాలకు రానివారిని సైతము తన పరీక్షలకు అనుమతించెను. మన దేశమున 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలియు వెలసినవి. నిజాము రాజ్యమున ఉన్నతవిద్య తెలుగున లభింపని ఆ కాలమున, పుస్తకమే గురువుగా స్వయముగా నేర్చుకొనువారికి అవియే ఆశ్రయములు. అయినను గ్రంథాలయము జ్ఞానము నొసగునే గాని పట్టము నొసగదు. ఉద్యోగమిచ్చువాడు పట్టమునే యడుగును.

ఈ చిక్కును తన జీవితముననే విడదీసిన మహనీయురాలు దుర్గాబాయమ్మగారు. 1909లో జన్మించి, ఎనిమిదవయేట వివాహితయై, పెద్దయైన పిమ్మట ఆ బంధమును కాదన్న ఆమెకు పుట్టినింటివారు అండగా నిలిచిరి. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయి వచ్చిన తరువాత, బడిలో చేరు వయస్సు మించిపోయినను, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివి గెలిచిరి. 1942లో న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. 1937లో ఆమె మదరాసున స్థాపించిన ఆంధ్రమహిళాసభ, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను అట్టి పరీక్షలకే సిద్ధము చేసెను. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వయోజన స్త్రీలకై సంగ్రహ విద్యాక్రమములను ప్రారంభించినప్పుడు ఆ మండలి అధ్యక్షురాలు ఆమెయే.

ఒక వ్యక్తి సాధించినదానిని వేలమందికి సాధ్యము చేయుటకు సంస్థ కావలెను. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము టపా ద్వారా పాఠములు పంపుట మొదలిడెను. బ్రిటనునందు 1969లో సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. భారతదేశమున అట్టివానిలో మొట్టమొదటిది మన తెలుగునేలపైననే, 1982లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేరున పుట్టినది. ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా నుండిన ఆచార్య జి. రామిరెడ్డిగారే దీనికిని తొలి ఉపాధ్యక్షులైరి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము నెలకొన్నప్పుడు దాని తొలి భారమును కూడ ఆయనయే వహించిరి. 1991లో మన సంస్థకు డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. నగరమునుండి నార్సింగికి పోవు దిక్కున, జూబిలీహిల్సులో దాని ప్రధాన స్థానము గలదు.

దాని పద్ధతి సులభగ్రాహ్యము. పాఠములు పుస్తకరూపమున విద్యార్థి చేతికి వచ్చును; ఉన్న కళాశాలలలోనే అధ్యయన కేంద్రములను నెలకొల్పి, సెలవుదినములలో అధ్యాపకులు సందేహములు తీర్తురు. ఆరంభకాలమున బడిపత్రము లేనివారిని సైతము ఒక అర్హతపరీక్షతో బి.ఏ. తరగతికి చేర్చుకొనిరి. ఇది విప్లవమే.

“ఆదివారపు చదువు చదువగునా?” అని కొందరు పరిహసింతురు. వాకిలి విశాలమైనంతమాత్రమున పరీక్ష తేలికయగునా? చేర్చుకొనుటయందు ఔదార్యము, పట్టమొసగుటయందు కాఠిన్యము, ఈ రెండును కలిసియున్నప్పుడే అట్టి పట్టమునకు గౌరవము. మొదటిది లేనిచో పేదవానికి ద్రోహము. రెండవది లేనిచో కష్టపడి గెలిచినవానికి ద్రోహము.

అసలు లోపము వేరొకచోట గలదు. చేరినవారిలో పలువురు నడుమ మానివేయుట దూరవిద్యకు సర్వదేశములందును గల వ్యాధి. విశ్వవిద్యాలయము వయస్సను అడ్డును తీసివేసెను, దూరమను అడ్డును తీసివేసెను. కాని దినమునకు ఒక గంట తీరికను అది ఇయ్యజాలదు. ఆ గంటను ఇయ్యవలసినది ఇల్లు. రాత్రి భోజనము కాగానే పురుషుడు పుస్తకము తెరచిన మెచ్చుకొందుము. గృహిణి తెరచిన, అంట్లు ఎవరు తోముదురని యడుగుదుము. మన యింట పనిచేయు ఆమెకు పరీక్షదినమున సెలవిచ్చుటకును వెనుదీయుదుము. దుర్గాబాయమ్మగారికి పుట్టినింటి అండ లేకున్న ఆమె కథ ఏమై యుండునో పాఠకులే యోచింతురు గాక.

విద్యాలయము తన తలుపు తెరచి నలువది సంవత్సరములు దాటినది. ఇంటి తలుపు తెరవవలసిన భారము మనయందే యున్నదని మేము తలంచుచున్నాము.