పక్క స్థలంలో ఏం కట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆల్బనీ చెప్పే చరిత్ర

నేను సైట్ సూపర్‌వైజర్‌నని తెలిసిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా పక్క స్థలంలో పాత ఇల్లు పీకేసి మూడు ఇళ్లు లేపుతున్నారు, ఒక్కోటి మూడంతస్తులు. మా పెరట్లో ఎండ పోయింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదు. ఇదెట్లా కుదురుతుంది?"

కుదురుతుంది. ఎందుకు కుదురుతుందో చట్టం సెక్షన్లు చదివితే సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఈ ఊరి చరిత్రలో ఉంది. మనలో చాలామంది ఈ ఇళ్లు కట్టేవాళ్లమే, వీటి పక్కన అద్దెకుండేవాళ్లం కూడా మనమే. అందుకని ఈ ఏడాది పుస్తకంలో దీని గురించే రాద్దామనుకున్నాను.

ఆల్బనీకి మొదట ఆ పేరు లేదు. లూకస్ క్రీక్ అనేవాళ్లు. రోడ్లు సరిగా లేని కాలంలో ఆ వాగే రోడ్డు, పడవలు దాని మీదే వచ్చేవి. అంతకంటే ముందు ఇది మావోరీల నేల. 1841లో బ్రిటిష్ ప్రభుత్వం మహురంగి కొనుగోలు పేరుతో నార్త్ షోర్ నుంచి ఉత్తరానికి పెద్ద భూభాగాన్ని కొన్నది. కొన్నప్పుడు అక్కడ హక్కున్న తెగలన్నింటినీ సరిగా విచారించలేదు. టె కవెరౌ ఆ మాకి తెగతో కుదిరిన ఒప్పందం 2015లో చట్టమైంది, అందులో ప్రభుత్వం ఈ సంగతి ఒప్పుకుంది. అంటే ఇక్కడ మ్యాపు మీద గీసిన మొదటి పెద్ద గీతే అడగాల్సినవాళ్లను అడగకుండా గీసింది.

తర్వాత కౌరి చెట్లు కొట్టారు, కౌరి జిగురు తవ్వారు, ఆ పైన పండ్ల తోటలు వేశారు. ఆల్బనీ సర్‌ప్రైజ్ అనే ద్రాక్ష రకం ఇక్కడిదే. 1890లో ఊరి పేరు మార్చారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆల్బనీ అని పండ్లు పండే ఊరు ఉంటే దాని పేరు తెచ్చి పెట్టారు. మన దగ్గర గుంటూరు మిర్చి అన్నట్టు అప్పట్లో ఆల్బనీ అంటే ద్రాక్ష, ఆపిల్. 1959 మే 30న హార్బర్ బ్రిడ్జి తెరిచేదాకా ఇది ఆక్లాండ్‌కు దూరపు పల్లె. బ్రిడ్జి వచ్చాక నార్త్ షోర్ అంతా తోటలు పోయి ఇళ్లు లేచాయి, పదేళ్లకే బ్రిడ్జి చాలక 1969లో రెండు పక్కలా అదనపు లేన్లు తగిలించారు.

పాలించేవాళ్లు కూడా మారుతూ వచ్చారు. వైటెమటా కౌంటీ 1974లో రద్దయింది, 1989లో నార్త్ షోర్ సిటీ ఏర్పడింది, 2010 నవంబర్ 1 నుంచి అన్నీ కలిపి ఒకే ఆక్లాండ్ కౌన్సిల్. ఆఫీసు మారినప్పుడల్లా ప్లాను కూడా మారేది.

మన ఊళ్లలో 'డీవియేషన్' అంటే అందరికీ తెలుసు. సెట్‌బ్యాక్ మూడు అడుగులు మింగి కట్టేస్తాం, తర్వాత ప్రభుత్వం ఏదో ఒక ఏడాది స్కీమ్ పెడుతుంది, ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకుంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బీపీఎస్, తెలంగాణలో 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) అలా వచ్చినవే. ఇక్కడ మాత్రం ముందు కాగితం, తర్వాతే కాంక్రీటు. 1977 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలో దీనికి 'స్పెసిఫైడ్ డిపార్చర్' అని పేరుండేది. ఊరి స్కీమ్‌లో రాసినదానికి భిన్నంగా ఒక పనికి ఇచ్చే మినహాయింపు అన్నమాట. 1991లో ఆ చట్టంతో పాటు యాభైకి పైగా చట్టాలు తీసేసి రిసోర్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్ తెచ్చారు. సైట్లో మనం ఆర్‌ఎంఏ అంటాం. అప్పటినుంచి అడిగే ప్రశ్న మారింది. "ఇక్కడ ఈ పని చేయొచ్చా" అన్నదానికన్నా "ఈ పని వల్ల పక్కవాళ్లకు, నీళ్లకు, నేలకు ఏమవుతుంది" అన్నది ముఖ్యమైంది. దాని ఫలితం మొదట గట్టిగా కనిపించింది మన పక్కనే, ఒకూరాలో.

ఒకూరా ఆల్బనీకి ఈశాన్యంగా ఉంటుంది. వాగులన్నీ దిగి ఒకూరా ఏరుగా సముద్రంలో కలిసే చోటు. పోటు వచ్చినప్పుడు నీళ్లు, పోటు తగ్గాక బురద నేల, పక్షులు. 1995లో అక్కడి సముద్రాన్ని లాంగ్ బే–ఒకూరా మెరైన్ రిజర్వుగా ప్రకటించారు. నార్త్ షోర్ సిటీ కౌన్సిలేమో ఊరి హద్దును ఉత్తరానికి జరిపి ఆ పరీవాహక ప్రాంతంలో ఇళ్లకు దారి ఇవ్వాలనుకుంది. ఆక్లాండ్ రీజినల్ కౌన్సిల్ వద్దంది. ఒక ప్రభుత్వ సంస్థ మీద ఇంకో ప్రభుత్వ సంస్థ కోర్టుకెక్కింది. 1996లో ఎన్విరాన్‌మెంట్ కోర్టు తీర్పు చెప్పింది: లాంగ్ బే వైపు ఇళ్లు రావొచ్చు, కానీ ఒకూరా వైపు వాలు ఊరి హద్దు బయటే ఉండాలి.

కారణాల్లో పెద్దది మట్టి. మట్టి పని చేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆక్లాండ్ బంకమట్టిని ఒకసారి విప్పితే, వాన పడగానే నీళ్లు పాలటీ రంగులోకి మారిపోతాయి. సిల్ట్ ఫెన్స్ వేస్తాం, పాండ్ తవ్వుతాం, అయినా సన్నటి బురద కొంత తప్పించుకునే పోతుంది. ఏటి మొగలో ఆ బురద పేరుకుంటే అడుగున బతికే నత్తలు, గుల్లలు ఊపిరాడక చస్తాయి. పెద్ద మట్టి పనులకు అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకానే సీజన్ అని, చలికాలంలో చేయాలంటే ప్రత్యేక అనుమతి తేవాలని మన ఫోర్‌మన్లు ఎందుకు గొడవ పెడతారో కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతుంటారు. ఇదిగో, ఇందుకే.

చిత్రం ఏమిటంటే అదే 1996లో, మార్చి 8న, మన హైదరాబాద్‌లో జీఓ 111 వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు రాకూడదన్న ఉత్తర్వు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఒక నూనె పరిశ్రమకు మినహాయింపు ఇచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాగునీటి కోసం నిషేధం పెట్టిన చోట ఒక్కరికి మాత్రం మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదని 2000 డిసెంబర్‌లో కోర్టు తేల్చింది. తెలుగు నేల మీద ఇలాంటి మినహాయింపుల గురించి వచ్చిన తీర్పుల్లో ఇంత గట్టిది నాకు తెలిసి ఇంకోటి లేదు. కానీ 2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ఆ ఆంక్షలనే ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఒక్కరికి ఇవ్వకూడదన్నది అందరికీ ఇచ్చేశారు.

ఒకూరాలో కూడా ఒత్తిడి ఆగలేదు. హద్దు జరిపి వందల ఇళ్లు కట్టుకోనివ్వాలని ఒక డెవలపర్ మళ్లీ కోర్టుకు వెళ్లాడు. 2018లో ఎన్విరాన్‌మెంట్ కోర్టు మళ్లీ కుదరదంది. ఇరవై రెండేళ్ల తేడాతో రెండుసార్లు అదే గీత నిలబడింది. అక్కడివాళ్లు దశాబ్దాల తరబడి సంఘంగా ఉండి, శాస్త్రవేత్తలను పిలిపించి, లాయర్లకు ఫీజులు కట్టి నిలబెట్టుకున్నారు. ఆ ఓపిక, ఆ డబ్బు ఉన్న చోట గీత నిలుస్తుంది అని కూడా దీన్ని చదవొచ్చు. నేను రెండు రకాలుగానూ చదువుతాను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు దగ్గరికొచ్చాం. ఆక్లాండ్ కౌన్సిల్ ఏర్పడ్డాక పాత ఊళ్ల ప్లాన్లన్నీ తీసేసి ఒకే యూనిటరీ ప్లాన్ రాసింది. 2013 సెప్టెంబర్ 30న ముసాయిదా బయటపెట్టి ప్రజల్ని అభిప్రాయాలు చెప్పమంది. ఆ మూడేళ్లూ పెద్ద గొడవే. సొంత ఇళ్లున్న పెద్దవయసువాళ్లు "మా వీధి రూపం చెడిపోతుంది" అన్నారు. ఇల్లు కొనలేని కుర్రకారు "మేమెక్కడ ఉండాలి" అన్నారు. 2016 ఫిబ్రవరిలో జరిగిన కౌన్సిల్ సమావేశంలో యువత ప్రతినిధులు మాట్లాడుతుంటే హాల్లో కొందరు గేలి చేశారని అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ సమావేశంలో, తాను ముందుకు తెచ్చిన అదనపు మార్పులు కొన్నింటిని కౌన్సిల్ వెనక్కి తీసుకుంది. అయినా ఆ జూలైలో స్వతంత్ర ప్యానెల్ ఇచ్చిన సిఫారసులు ఎక్కువ ఇళ్ల వైపే మొగ్గాయి. ఆగస్టులో కౌన్సిల్ చాలావరకు ఒప్పుకుంది, నవంబర్ 15 నుంచి ప్లాన్‌లో ఎక్కువ భాగం అమల్లోకి వచ్చింది. నగరంలోని నివాస భూమిలో దాదాపు మూడొంతుల మేర ముందుకన్నా ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చన్నారు. తర్వాతి ఐదేళ్లలో దీని వల్లే 20 వేలకు పైగా అదనపు ఇళ్లకు పర్మిషన్లు వచ్చాయని ఆక్లాండ్ యూనివర్సిటీ ఆర్థికవేత్తల లెక్క. మనలో ఎంతమందికి ఆ ఏళ్లలో పని దొరికిందో, ఎంతమంది వీసాలు దాని మీద నిలిచాయో ఆలోచించండి.

ఆల్బనీ నడిబొడ్డును మెట్రోపాలిటన్ సెంటర్ జోన్ చేశారు. అక్కడ 72.5 మీటర్ల ఎత్తు దాకా కట్టొచ్చు. కానీ బస్ స్టేషన్ దిగి చుట్టూ చూడండి, ఎక్కువగా కనిపించేది కార్ పార్కులే. జోన్ అనుమతి మాత్రమే ఇస్తుంది. పెట్టుబడి పెట్టేవాడు రాకపోతే 72 మీటర్లూ గాలే.

ఇళ్ల వీధుల్లో మాత్రం ప్లాన్ నిజంగానే పనిచేసింది. మిక్స్‌డ్ హౌసింగ్ జోన్లలో, నియమాల లోపల ఉంటే, ఒక స్థలంలో మూడు ఇళ్ల దాకా రిసోర్స్ కన్సెంట్ అక్కర్లేకుండా కట్టొచ్చు. బిల్డింగ్ కన్సెంట్ కావాలి, అది వేరే. కన్సెంట్ అక్కర్లేదంటే పక్కింటివాళ్లను అడగాల్సిన పని కూడా లేదు. అడిగే సమయం ఆ ప్లాన్ రాసినప్పుడే అయిపోయింది. అప్పటికి మనలో చాలామంది ఈ దేశం మొహమే చూడలేదు.

నియమం దాటినప్పుడే పక్కవాళ్లు లెక్కలోకి వస్తారు. ఉదాహరణకు సరిహద్దు దగ్గర ఎత్తు. మిక్స్‌డ్ హౌసింగ్ సబర్బన్ జోన్‌లో, సరిహద్దు మీద 2.5 మీటర్ల ఎత్తు నుంచి 45 డిగ్రీల కోణంలో లోపలికి ఒక గీత ఊహించుకోండి. సరిహద్దుకు మీటరు లోపల 3.5 మీటర్లు, రెండు మీటర్లు లోపల 4.5. ఆ గీత దాటి గోడో కప్పో పైకి వస్తే కన్సెంట్ కావాలి, ఎండ పోయేది మీకే కాబట్టి మీ రాతపూర్వక ఒప్పుకోలు అడుగుతూ ఒక ఫారం వస్తుంది. ఇక్కడ జాగ్రత్త. ఆ ఫారం మీద సంతకం పెడితే, మీ మీద పడే ప్రభావాన్ని కౌన్సిల్ ఇక లెక్కలోకే తీసుకోకూడదు. చట్టమే అలా చెప్తుంది. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం, పక్కాయన మర్యాదగా మాట్లాడాడని, డ్రాయింగ్ తిప్పి చూడకుండా సంతకం పెట్టింది. చలికాలం వచ్చాకగానీ బట్టలు ఎందుకు ఆరడం లేదో వాళ్లకు తెలియలేదు. మర్యాద వేరు, డ్రాయింగ్ వేరు. ఎలివేషన్ షీట్ చూపించమనండి, గీత ఎక్కడ దాటిందో వేలు పెట్టి చూపించమనండి, వారం టైం అడగండి.

2017 అక్టోబర్ నుంచి ఇంకో దారి కూడా వచ్చింది. దాటింది సరిహద్దు నియమం ఒక్కటే అయితే, పక్క స్థలం ఓనర్ సంతకం ఉంటే అసలు కన్సెంటే అక్కర్లేదు. ఓనర్ అన్నమాట గమనించండి. ఆ ఇంట్లో అద్దెకుండి ఆ నీడలో బతికేవాళ్ల సంతకం అక్కడ ఎవరూ అడగరు.

2023 జనవరి 27 వాన మనందరికీ గుర్తే. ఎయిర్‌పోర్టులో ఒక్కరోజులో 245 మిల్లీమీటర్లు. ఆ వరదలో నలుగురు పోయారు, అందులో ఇద్దరు మన నార్త్ షోర్‌లోని వైరావు లోయలో. నీళ్లు పాత వాగుల దారినే వెతుక్కుంటూ వచ్చాయి. పైపుల్లోకి దింపి పైన ఇళ్లు కట్టిన వాగులవి. ఎక్కువ ఇళ్లు కావాలన్న వాదన, ఎక్కడ కట్టకూడదన్న వాదన ఆ రాత్రి తర్వాత ఒకే బల్ల మీదకు వచ్చాయి. 2025 నవంబర్‌లో కౌన్సిల్ ప్రకటించిన ప్లాన్ చేంజ్ 120లో రెండూ ఉన్నాయి: వరద ముప్పున్న చోట కఠిన నియమాలు, స్టేషన్ల దగ్గర ఇంకా ఎత్తు. మరోపక్క ఆర్‌ఎంఏనే తీసేసి కొత్త చట్టాలు తెచ్చే బిల్లులు 2025 డిసెంబర్‌లో పార్లమెంటుకు వచ్చాయి. పక్కింటివాళ్లు అభ్యంతరం చెప్పగలిగే విషయాలను తగ్గించడం వాటి ఉద్దేశాల్లో ఒకటి. అంటే కన్సెంట్ దశలో మన మాట ఇంకా చిన్నదవుతుంది, ప్లాన్ రాసే దశలో చెప్పిందే మిగులుతుంది.

"మనం వర్క్ వీసా వాళ్లం, మన మాట ఎవరు వింటారు" అని చాలామంది అంటారు. ఓటు విషయంలో అది నిజం, రెసిడెంట్ వీసా లేకుండా ఓటు లేదు. ప్లాన్ మార్పు మీద సబ్‌మిషన్ వేయడానికి మాత్రం ఆర్‌ఎంఏ 'ఎవరైనా' అంటుంది. సొంత ఇల్లు ఉండాలనీ లేదు, పౌరసత్వం ఉండాలనీ లేదు. ఫారంలో పేరు, చిరునామా, ఏ నియమం గురించి, ఏం మార్చమంటున్నారు, విచారణకు వచ్చి మాట్లాడతారా అని అడుగుతారు. వ్యాపార పోటీలో మీకు లాభం ఉందా అని ఇంకో ప్రశ్న కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. అది పోటీ కంపెనీల కోసం పెట్టింది, అద్దెకున్నవాళ్లు 'లేదు' అని టిక్ పెడితే సరిపోతుంది.